ఆషాఢానికి తొట్టెల: మే నుంచి జూలై దాకా మా మేడ మీద పని

2025 మే 4, ఆదివారం

అత్త మొక్కుకుంది, కట్టాల్సింది నేను. ప్రాజెక్టు అంటే ఇంతే.

పోయిన అక్టోబరులో అత్త మనవరాలికి డెంగీ వచ్చి ఆరు రోజులు ఆసుపత్రిలో ఉంది. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని చెప్పిన రాత్రి అత్త వరండాలో కూర్చుని, పిల్ల లేచి తిరిగితే వచ్చే బోనాలకు (ఆషాఢంలో కుండలో నైవేద్యం ఎత్తే పండగకు) అమ్మవారికి తొట్టెల ఇస్తానని మొక్కింది. పిల్ల లేచింది, తిరిగింది. ఇప్పుడు మా ఇంటి గోడల మీద క్రేయాన్లతో ఏనుగులు గీస్తోంది.

తెలియని వాళ్ల కోసం ఒక మాట. తొట్టెల అంటే ఉయ్యాల. బోనాల తొట్టెల మాత్రం చూడ్డానికి చిన్న గోపురంలా ఉంటుంది. వెదురు పుల్లల చట్రం, దాని మీద రంగురంగుల పల్చటి కాగితం, అంచులకు కాగితపు కుచ్చులు, అంటే ఝాలర్లు. బోనంతో పాటు డప్పుల మధ్య తీసుకెళ్లి గుడిలో పైకప్పుకు వేలాడదీస్తారు. బజార్లో తయారుగా దొరుకుతుంది, థర్మాకోల్‌వి కూడా ఉన్నాయి. అదే కొనిస్తానంటే అత్త ఒప్పుకోలేదు.

"కొన్నది ఇచ్చుడెందుకురా? గా పైసలు హుండీల ఏస్తే అయిపాయె."

మాది పాతబస్తీ, లాల్‌దర్వాజకు దగ్గరలోనే. ఆషాఢం రాగానే బోనం మొదట గోల్కొండలో ఎక్కుతుంది, తర్వాత సికింద్రాబాద్, ఆ తర్వాతి ఆదివారం మాకు. ఈ లెక్కన మా రోజు జూలై 20. అంటే చేతిలో పదకొండు ఆదివారాలు. వెదురు చీల్చడం నాకు రాదు. మా వెనక గల్లీలో ఒక మేదరి తాత ఉన్నాడు. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల తొట్టెలలన్నీ ఆయన చేతి మీదే వెళ్లేవి. ఇప్పుడు చేతులు వణుకుతాయి. అడిగితే, "నేను జెయ్య. కుర్సీ ఏస్తే కూసొని చెప్త," అన్నాడు. కుర్చీ వేశాను.

గుడి ద్వారం కొలిచాను. వెడల్పు 27 అంగుళాలు. అడుగు చట్రం 18 అంగుళాలు, ఎత్తు 5 అడుగులు అనుకున్నాం. కొలత ముందే తీసుకున్నందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. (ఈ వాక్యం తర్వాత మళ్లీ చదువుకుని సిగ్గుపడ్డాను.)

మే 11

రెండు వెదురు గడలు తెచ్చాను. పచ్చివే. తాత చూపు వాటి మీద పడగానే ఒకటి పక్కన పెట్టించాడు, గణుపులు మరీ దగ్గరగా ఉన్నాయట. గణుపు దగ్గర నార మెలిక తిరుగుతుంది కాబట్టి అక్కడ కత్తి పక్కదారి పడుతుంది.

చీల్చడం మొదలుపెట్టాను. నేను కత్తి మీద బలం పెడుతున్నాను, బద్ద ఒకవైపు లావుగా, ఒకవైపు సన్నగా వస్తోంది. నాలుగు బద్దలు పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరాకుండా పోయాక తాత నోరు విప్పాడు.

"కత్తిని నూకకు బిడ్డా. ఎదురుకు దాని తొవ్వ దానికి ఎర్కే. నువ్వు లావున్న దిక్కుకు జర వంచు, చీలిక అటు వోతది."

ఇది నిజంగా పని చేసింది. చీలిక ఏ వైపు పక్కకు పోతోందో చూసుకుని, లావుగా ఉన్న సగాన్ని కొంచెం ఎక్కువ వంచితే చీలిక ఆ లావు వైపు జరిగి మళ్లీ మధ్యకు వస్తుంది. కత్తి ఊరికే సందులో ఉంటుంది, చీల్చేది రెండు చేతులే. సాయంత్రానికి 38 బద్దలు. ఎడమ బొటనవేలికి రెండు కోతలు, ఒక ముల్లు. వెదురు ముల్లు మహా మొండిది. వదిన సూదితో తీసేటప్పుడు మనవరాలు పక్కనే నిలబడి నాకు ధైర్యం చెప్పింది.

మే 25

"రోహిణిలో రోళ్లు పగులుతాయి" అన్న సామెతను నమ్ముకుని ప్లాన్ వేశాను. పచ్చి బద్దలతో చట్రం కడితే ఎండే కొద్దీ వెదురు చిక్కి ముళ్లన్నీ వదులవుతాయి. అందుకే రోహిణి ఎండలో రెండు వారాలు మేడ మీద పరిచి, అప్పుడు కడదామని. ఇవాళే కార్తె మొదలైంది. కానీ ఈసారి రుతుపవనాలకు తొందరెక్కువ, మామూలుగా జూన్ 1కి కేరళ చేరేవి నిన్ననే, మే 24నే చేరిపోయాయి. ఇక్కడ పొద్దుటి నుంచీ మబ్బు. రోలు కాదు కదా, అప్పడం కూడా ఎండేలా లేదు.

చివరికి బద్దలన్నీ కట్ట కట్టి ఫ్రిజ్ వెనక నిలబెట్టాం. అక్కడ పొద్దస్తమానం వెచ్చటి గాలి వస్తుంది. ఐడియా వదినది. వంటింట్లో అడవి వాసన వస్తోందన్న కంప్లయింటూ ఆమెదే.

జూన్ 8

మెరిసే చమ్కీ కాగితం, పతంగి కాగితం కోసం బేగంబజార్ వెళ్లాను. ఆదివారం అన్న సంగతే మరిచిపోయాను. నాకు కావాల్సిన దుకాణాల షట్టర్లు దించి ఉన్నాయి. వెనక్కి వస్తుంటే నాంపల్లి వైపు జనం ఏరులా కదులుతున్నారు. అప్పుడు గుర్తొచ్చింది, మృగశిర కార్తె, చేప ప్రసాదం. ఎలాగూ ఖాళీ చేతులే కదా అని నేనూ ఎగ్జిబిషన్ మైదానం దాకా నడిచాను.

జనవరిలో నుమాయిష్ జరిగే మైదానమే. అప్పుడు శాలువాలు, మిర్చి బజ్జీలు, జెయింట్ వీల్. ఇప్పుడు బారికేడ్ల మధ్య పొడవాటి వరుసలు. చేతిలో నీళ్ల కవరు, అందులో వేలెడంత కొర్రమీను పిల్ల. బత్తిని కుటుంబం వాళ్లు చేప నోట్లో పసుపు రంగు ముద్ద పెట్టి, చేపను బతికుండగానే మనిషి గొంతులోకి జారవిడుస్తారు. ప్రసాదం ఉచితం, చేపపిల్లను మాత్రం మత్స్యశాఖ కౌంటర్లో కొనుక్కోవాలి. ఉబ్బసం పోతుందని నమ్మి దేశం నలుమూలల నుంచీ వస్తారు. పోతుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు, మా ఇంట్లో ఉబ్బసం ఉన్న మనిషి ఇన్‌హేలరే వాడతాడు. కానీ బయట ఫుట్‌పాత్ మీద రాత్రంతా పడుకుని లేచిన ఒక కుటుంబం వరుసలో నిలబడడానికి పిల్లాడికి తల దువ్వి, పౌడరు రాస్తుంటే చూసి, నేను ఏమీ అనకుండా బస్సెక్కాను.

కాగితం మర్నాడు లంచ్ టైంలో తెచ్చుకున్నాను. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, గులాబి. ధూల్‌పేటలో పతంగులు కట్టే కాగితమే. ఎండకు పట్టుకుంటే అవతలి వేళ్లు కనిపిస్తాయి.

జూన్ 15

చట్రం నిలబడింది!

మూడు అంతస్తులు: 18, 13, 8 అంగుళాల చదరాలు. పైన శిఖరం. నాలుగు మూలలకు నాలుగు నిలువు బద్దలు, వాటిని లోపలివైపు వంచుతూ పైకి తీసుకెళ్లాం. వంపు కోసం బద్దను రాత్రంతా నీళ్లలో నానబెట్టి, దీపం సెగ మీద కాస్త కాస్త చూపిస్తూ వంచాలి. వెదురు పెంకు బయటి వైపుకు రావాలి, పొట్ట లోపలికి. తిరగేసి వంచితే పెళుక్కున విరుగుతుంది. మూడు విరిచాక నేర్చుకున్నాను.

ఒక్క మేకు లేదు, అంతా దారమే. తాత ముడి పద్ధతి: ఇంటూ గుర్తులా రెండు చుట్లు, తర్వాత ఆ రెండు బద్దల మధ్యలోంచి అడ్డంగా ఒక చుట్టు వేసి బిగించడం. ఆ అడ్డచుట్టు లేకపోతే చదరం పక్కకు వాలిపోతుంది. నేను మొదట కట్టిన పన్నెండు ముళ్లలో తాత తొమ్మిది విప్పించాడు. చూడలేదు కూడా, చట్రాన్ని చేత్తో ఊపి, కిర్రుమన్న చోటల్లా "గిది" అన్నాడు.

బరువు తూచాను. 2 కిలోల 300 గ్రాములు. నెత్తిన పెట్టుకుని గల్లీ ఊరేగాల్సింది నేనే కాబట్టి ఈ అంకె నాకు ముఖ్యం. మా మేనల్లుడు లోపల ఎల్ఈడీ లైట్లు, పవర్ బ్యాంకు పెడదామన్నాడు. పవర్ బ్యాంకు ఒక్కటే పావు కిలో ఉంది. ఇంకా ఆలోచిస్తున్నాను.

జూన్ 26, గురువారం

సెలవు పెట్టి గోల్కొండ వెళ్లాను. ఆషాఢంలో తొలి బోనం అక్కడి జగదాంబిక అమ్మవారిదే. లంగర్‌హౌస్ నుంచి కోట దాకా తొట్టెల ఊరేగింపు వస్తుంది. 2014లో బోనాలు రాష్ట్ర పండుగ అయ్యాక మంత్రులు, పట్టువస్త్రాలు, టీవీ కెమెరాలు వచ్చాయి. కానీ నేను వెళ్లింది తొట్టెల అడుగు భాగం చూడ్డానికి. అందరూ తల ఎత్తి రంగులు చూస్తుంటే నేను ఒంగి ముళ్లు చూస్తున్నాను. ఒక పోలీసాయన రెండుసార్లు అనుమానంగా చూశాడు.

అమ్మవారు పూనిన ఆడవాళ్లు, శివసత్తులు, ఊగుతున్నారు. ఒంటినిండా పసుపుతో, కాళ్లకు గజ్జెలతో ఒక పోతరాజు (అమ్మవారి తమ్ముడి వేషం) కొరడా విదిలిస్తే జనం తనంతట తానే దారి ఇచ్చింది. అతని వెనక తొట్టెల. ఆ తొట్టెల ముందు నడుస్తున్న ఒక కుర్రాడి మీద నా కళ్లు ఆగిపోయాయి. చేతిలో పొడవాటి కర్ర, కర్ర చివర పంగ. రోడ్డుకు అడ్డంగా కేబుల్ తీగ వచ్చిన ప్రతి చోటా దాన్ని పంగతో పైకెత్తి పడుతున్నాడు.

తీగలు! నేను గుడి ద్వారం కొలిచాను గానీ, గుడి దాకా ఉన్న గల్లీని కొలవలేదు.

జూన్ 29

చీపురు కర్రకు టేపు కట్టి గల్లీ అంతా తిరిగాను. పిల్లలు వెంట పడ్డారు. మొత్తం 17 తీగలు, అన్నిటికంటే కిందికి వేలాడేది కిరాణా కొట్టు ముందు, నేల నుంచి 9 అడుగుల 8 అంగుళాలు. ఇంటర్నెట్ తీగ.

లెక్క: నా ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. నెత్తిన చుట్టబట్ట 2 అంగుళాలు, అడుగు పలక 1. అంటే 5 అడుగుల 9 అంగుళాల దగ్గర తొట్టెల మొదలవుతుంది. తీగకు మిగిలేది 3 అడుగుల 11 అంగుళాలు. నడుస్తుంటే పైకీ కిందికీ ఊగడానికి 4 అంగుళాలు తీసేస్తే 3 అడుగుల 7. నేను కట్టింది 5 అడుగులు.

తీగ వచ్చినప్పుడు కిందికి దించితే పోలేదా అన్నాను. అత్త ముఖం చూసి ఆ మాట అక్కడే వదిలేశాను. నెత్తికెత్తుకుంటే మళ్లీ దించేది గుడి ముందే అట. మరి పంగకర్ర? ఇంటర్నెట్ తీగల పక్కనే కరెంటు సర్వీసు వైర్లు కూడా పోతున్నాయి, కొన్నింటికి తొడుగు ఊడిపోయి ఉంది. వానాకాలం, తడి కర్ర. ఆ పని ఎవరితోనూ చేయించను.

మిగిలిన దారి ఒకటే. పై 20 అంగుళాలు, అంటే శిఖరాన్ని కోసి, విడిగా చేసి, గుడి ముందు బిగించడం. కింది భాగం 40 అంగుళాలు. తీగ కింద నుంచి పోతుంది. పూర్తయిన చట్రం మీద రంపం పెట్టడానికి నాకు చేయి రాలేదు, మేనల్లుడు కోశాడు. వాడికి అందులో ఏ బాధా కలగలేదు. నాలుగు మూలలా బొంగు ముక్కలు గూళ్లలా కట్టి, శిఖరం కాళ్లు వాటిలో దిగేలా చెక్కాను. పండగ పందిరి గుంజల్లాగే, చిన్న సైజులో.

లైట్ల ఐడియాకు ఈ దెబ్బతో స్వస్తి. రెండు ముక్కల మధ్య వైరు సంగతి చూసే ఓపిక లేదు.

జూలై 6

ఇవాళ తొలి ఏకాదశి, ఇవాళే మొహర్రం పదో రోజు. దబీర్‌పురాలో బీబీ కా అలావా నుంచి ఏనుగు మీద అలం (మొహర్రం పీరు) బయల్దేరే రోజు కాబట్టి రోడ్లు బంద్, ఎటూ కదిలేది లేదు. ఇంట్లో పేలపిండి. మేడ మీద కాగితం పని.

ముందు బంక. ఒక గ్లాసు మైదాకు నాలుగు గ్లాసుల నీళ్లు. చల్లటి నీళ్లలోనే ఉండ లేకుండా కలిపి, సన్న సెగ మీద అది తెల్లదనం పోయి అద్దంలా మెరిసేదాకా తిప్పాలి. దించాక చిటికెడు మైలుతుత్తం పొడి. ఇది పుస్తకాల బైండింగ్ వాళ్ల చిట్కా. లేకపోతే మైదా వాసనకు బొద్దింకలు, ఎలుకలు వచ్చి కాగితంతో సహా తినేస్తాయి. మైలుతుత్తం విషం కాబట్టి పాత డబ్బాలో కలిపాను, మనవరాల్ని మేడ మెట్ల దగ్గరే ఆపేశాం. ఆమెకు విడిగా మామూలు బంక, చిన్న కత్తెర, ఝాలర్ల పని ఇచ్చాం. కాగితాన్ని ఎనిమిది మడతలు పెట్టి అంచున పళ్లు పళ్లుగా కత్తిరించి విప్పితే ఝాలరు. ఆమె కత్తిరించిన వాటిలో ఒక్కో పన్ను ఒక్కో సైజు. అన్నీ అతికించాం.

ఒక నియమం: బంక వెదురుకు రాయాలి, కాగితానికి కాదు. కాగితానికి రాస్తే తడికి సాగి, ఆరాక ముడతలు పడుతుంది. ఇంకో నియమం నేను కనిపెట్టింది: పేలపిండి తిన్న చేతులతో పతంగి కాగితం ముట్టుకోవద్దు. బెల్లం వేలిముద్ర ఎర్ర కాగితం మీద శాశ్వతంగా ఉంటుంది.

జూలై 13

కింది అంతస్తు ఎరుపు, నడిమిది పసుపు, పైది ఆకుపచ్చ, శిఖరం గులాబి. అంచులన్నీ చమ్కీ. అయిపోయింది. బరువు 2 కిలోల 900.

సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాలు ఇవాళే. టీవీలో చూస్తూ ఝాలర్లు సరిచేశాం. 1813లో ఇక్కడ కలరా వచ్చినప్పుడు ఉజ్జయినిలో ఉన్న సురిటి అప్పయ్య అనే సైన్యంలోని డోలీ మోసే మనిషి, జబ్బు తగ్గితే మా ఊళ్లో నీకు గుడి కడతానని అక్కడి అమ్మవారికి మొక్కుకున్నాడనీ, తిరిగొచ్చి 1815లో కొయ్య విగ్రహం నిలిపాడనీ ఆ గుడి కథ. అత్త ఆ కథ విని, "గాయన గుడి కట్టిండు. నేను తొట్టెలనే కదరా అడిగిన," అంది.

జూలై 18, శుక్రవారం

ఆఫీసులో ఉండగా వాన మొదలైంది. మామూలు వాన కాదు, నగరంలో రోడ్లన్నీ చెరువులయ్యాయి. ఇంటికి చేరేసరికి రాత్రి పది దాటింది. తొట్టెలను మేడ మీద రేకుల షెడ్డులో పెట్టాను. పైన ప్లాస్టిక్ కవరు కూడా కప్పాను. కానీ నీళ్లు పై నుంచి రాలేదు, పక్క నుంచి గాలితో కొట్టాయి.

కింది అంతస్తు రెండు వైపులు పోయాయి. పతంగి కాగితం రంగు గట్టిది కాదు. ఎరుపు కారి, నేల మీద మడుగు కట్టి, శిఖరాన్ని పక్కన పెట్టిన చోటికి పాకింది. గులాబి శిఖరం అడుగున ఎర్రటి మరక. మెత్తబడిన బంక నుంచి కాగితం చర్మంలా ఊడుతోంది. చమ్కీకి ఏమీ కాలేదు. ముళ్లు తడికి ఉబ్బి ఇంకా బిగిశాయి. చట్రం చెక్కు చెదరలేదు.

అత్తకు చెప్పడానికి భయపడి మర్నాటికి వాయిదా వేశాను.

జూలై 19

పొద్దున్నే అత్తే మేడ ఎక్కి చూసింది. ఏమీ అనలేదు. ఊడిన కాగితాన్ని గోళ్లతో గీకడం మొదలుపెట్టింది. ఆ తర్వాత వదిన, మేనల్లుడు, ఎదురింటి అక్క. తాత కుర్చీ కూడా పైకి వచ్చింది.

ఎర్ర కాగితం రెండు షీట్లే మిగిలాయి, కావాల్సింది నాలుగు. ఒక వైపు ఎరుపు, రెండో వైపు గులాబి వేశాం. సమస్య ఆరడం. గాల్లో తేమకు బంక మూడు గంటలైనా జిగటగానే ఉంది. హెయిర్ డ్రయ్యర్ పెడితే కాగితం టపటపా కొట్టుకుని చిరిగింది. వదిన ఇస్త్రీ పెట్టె తెచ్చింది. సన్న వేడి మీద పెట్టి, బద్ద మీది అతుకుపై దినపత్రిక ముక్క వేసి, ఐదేసి సెకన్లు ఒత్తితే చాలు, బంక అక్కడికక్కడే ఎండిపోతోంది. ఒక చోట దినపత్రిక కూడా అతుక్కుంది. అది లోపలి వైపు కాబట్టి వదిలేశాం. లోపలికి తొంగి చూస్తే పెళ్లి సంబంధాల ప్రకటన సగం కనిపిస్తుంది.

రాత్రి ఒంటిగంటకు పడుకున్నాం.

జూలై 20, ఆదివారం

పొద్దున అత్త బోనం వండింది. అన్నం, పాలు, బెల్లం. కుండకు పసుపు, సున్నం చుక్కలు, వేపరెమ్మలు, పైన దీపం. పదకొండున్నరకు బయల్దేరాం. ముందు డప్పులు, తర్వాత అత్త బోనం, వెనక నేను. పక్క గల్లీ వాళ్లు డీజే పెట్టారు. రెండు పొడవాటి స్పీకర్ల మధ్య చిక్కుకున్నప్పుడు నెత్తి మీది కాగితం మొత్తం జుమ్మని వణకడం చుట్టబట్ట లోంచి తెలిసింది. డప్పుకు అది ఊగుతుంది, డీజేకు వణుకుతుంది. నాకు డప్పే మేలు.

కిరాణా కొట్టు ముందు మేనల్లుడు వెనక్కి నడుస్తూ తీగనే చూశాడు. వేలెడు సందు ఉందన్నాడు. నిజానికి లెక్క ప్రకారం ఏడు అంగుళాలు ఉండాలి. వానకు తీగ ఇంకా కిందికి జారినట్టుంది.

అసలు టెన్షన్ గుడి ముందు. శిఖరం కాళ్లు గూళ్లలో దిగలేదు. నాలుగింటిలో రెండు దిగాయి, రెండు తేమకు ఉబ్బి మూతి దగ్గరే ఆగాయి. వెనక క్యూ పెరుగుతోంది. "జరుగుండ్రి, జరుగుండ్రి" అంటున్నారు. కొబ్బరికాయలు కొట్టే ఆయన కత్తి అడిగి, ఒక్కో కాలు పిసరంత చెక్కాను. తొక్క రాలుతుంటే నా చేతులు ఆ తాత చేతుల్లాగే వణికాయి. మూడో కాలు దిగింది. నాలుగోది అత్త అరచేత్తో ఒక్కటి చరిచింది, దిగింది.

సాక, అంటే పసుపు, వేపాకు కలిపిన నీళ్లు, పోశారు. లోపల పైకప్పు కొక్కేనికి తాడు వేసి తొట్టెల లాగారు. మనవరాలు తన ఝాలరు ఏదో వేలితో అందరికీ చూపించింది.

జూలై 21

కాళ్లు లాగుతున్నా హరిబౌలి వైపు వెళ్లాను. అక్కన్న మాదన్న గుడి ఘటం (అమ్మవారి రూపంగా అలంకరించిన కలశం) ఏనుగు మీద బయల్దేరి, చార్మినార్ మీదుగా నయాపూల్ దాకా పోతుంది. ఏనుగు వెళ్తుంటే దారి పొడవునా తీగలన్నీ ఎంత ఎత్తులో ఉన్నాయో చూస్తూ నిలబడ్డాను. ఇక ఈ అలవాటు పోదేమో.

జూలై 27

తాతను ఆటోలో గుడికి తీసుకెళ్లాను. లోపల మాది కాక ఇంకో ఆరు తొట్టెలలు వేలాడుతున్నాయి, రెండు థర్మాకోల్‌వి. ఆయన కళ్లజోడు పైకీ కిందికీ జరుపుకుంటూ చాలాసేపు చూశాడు. నేను పక్కన పరీక్ష రాసిన పిల్లాడిలా నిలబడ్డాను.

"పడమటి మూల రెండు వేళ్ల మందం వంగింది," అన్నాడు. తర్వాత, "గా అడ్డచుట్టు ఒక్కదానికి మర్సినవ్."

ఇంటికొచ్చి ఫ్రిజ్ వెనక మిగిలిన బద్దలు లెక్కపెట్టాను. పదకొండు. వదిన పారేయమంది. ప్రస్తుతానికి మంచం కింద దాచాను.